రైలు ఢీకొన్న పాదచారి చార్ట్: కోడ్ ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేయాలి

అమెరికా వైద్య బీమా క్లెయిములకు వాడే ఐసీడీ-10-సీఎంలో (జబ్బులకూ దెబ్బలకూ వాటి కారణాలకూ ఉన్న కోడ్ల జాబితాలో) రైలు ఢీకొన్న పాదచారికి ఉన్న కేటగిరీ వీ05. చూడ్డానికి చిన్నదే. కానీ ఇలాంటి చార్టులు (రోగి వైద్య రికార్డులు) అరుదుగా వస్తాయి కాబట్టి చెయ్యి అలవాటు తప్పి, ఇండెక్స్‌లో కనిపించిన మొదటి కోడ్ వేసేస్తాం. తర్వాత ఆడిట్‌లో దొరికిపోతాం. నేను ఎక్కువగా చూసిన తప్పులివి.

కోడ్ చెల్లదని ఎన్‌కోడర్ తిప్పికొడుతోంది

ఎన్‌కోడర్ అంటే కోడ్లు వెతికి సరిచూసే సాఫ్ట్‌వేర్. మీరు వీ05.10 దగ్గరే ఆగిపోయి ఉంటారు. చికిత్స ఏ దశలో ఉందో చెప్పే ఏడో అక్షరం తప్పనిసరి. ఈ కోడ్‌లో ఐదే అక్షరాలున్నాయి కాబట్టి ఆరో చోట ఎక్స్ పెట్టి వీ05.10ఎక్స్‌ఏ అని రాయాలి. నిలబడి నడిపే ఎలక్ట్రిక్ స్కూటర్‌కు 2020 అక్టోబర్ నుంచి వేరే కోడ్ ఉంది: వీ05.131. ఇందులో ఆరు అక్షరాలూ నిండే ఉన్నాయి కాబట్టి ఎక్స్ అక్కర్లేదు, నేరుగా వీ05.131ఏ.

మొదటి డయాగ్నోసిస్ దగ్గర ఎడిట్ పడుతోంది

ఎడిట్ అంటే క్లెయిమ్‌లో తప్పుందని సాఫ్ట్‌వేర్ చెప్పే అభ్యంతరం. వీ కోడ్ ఎప్పుడూ మొదటి వరుసలో రాకూడదు. దెబ్బ ముందు, కారణం తర్వాత. ఎడమ కాలు మోకాలికీ చీలమండకీ మధ్య పూర్తిగా తెగిపోతే ఎస్88.112ఏ ముందు వస్తుంది. దెబ్బలు చాలా ఉంటే అన్నిటికన్నా తీవ్రమైనది మొదట.

ఆడిటర్ వీ05.9ని మార్చేస్తున్నారు

ఎక్కువ పాయింట్లు పోయేది ఇక్కడే. వీ05.0 అంటే నాన్‌ట్రాఫిక్, వీ05.1 అంటే ట్రాఫిక్, వీ05.9 అంటే ఏదో తెలియదు. రైలుకు ట్రాఫిక్ ఏమిటని చాలామంది తికమకపడి తొమ్మిదిలోకి వెళ్లిపోతారు. ఇక్కడ చూడాల్సింది రైలును కాదు, ప్రమాదం జరిగిన చోటును. పబ్లిక్ రోడ్డు మీద జరిగితే ట్రాఫిక్. మొత్తంగా రోడ్డుకు బయట జరిగితే నాన్‌ట్రాఫిక్. రోడ్డు పట్టాలను దాటే లెవల్ క్రాసింగ్ దగ్గర నడిచి వెళ్తుంటే ఢీకొడితే వీ05.10. యార్డులోనో, ఊరి బయట పట్టాల వెంటో అయితే వీ05.00.

ఒకసారి నా దగ్గరికి వచ్చిన చార్టులో ఎమర్జెన్సీ నోట్ మొదటి లైను ‘పాదచారిని రైలు ఢీకొట్టింది’ అని మాత్రమే ఉంది. ముందు చేసిన కోడర్ వీ05.90ఎక్స్‌ఏ వేసి వదిలేశారు. మూడో పేజీలో, సర్జన్ రాసిన హిస్టరీలో ఒక చిన్న వాక్యం ఉంది: గోదాము వెనక పట్టాల వెంట ఇంటికి నడిచి వెళ్తున్నాడు. ఆ ఒక్క వాక్యంతో కోడ్ వీ05.00ఎక్స్‌ఏ అయింది. చోటుకు వై92.85, అంటే రైలు పట్టాలు. చేస్తున్న పనికి వై93.01, అంటే నడక. మూడు కోడ్లు ఆ లైనులోనే ఉన్నాయి.

వేరే చోటు రాయకపోతే వాహన ప్రమాదం పబ్లిక్ రోడ్డు మీద జరిగినట్టే తీసుకోవాలని వీ కోడ్లున్న అధ్యాయం నిర్వచనాల్లోనే ఉంది. కాబట్టి తెలియదు అనే కోడ్ వేసే ముందు ఆంబులెన్స్ షీట్ దాకా అన్నీ చదవండి. రెండు చోట్ల రెండు రకాలుగా రాసి ఉంటే మీరే తీర్పు చెప్పకండి, ప్రొవైడర్‌కు, అంటే చికిత్స చేసిన డాక్టర్‌కు, క్వెరీ (రాతపూర్వక ప్రశ్న) పెట్టండి.

అసలు పాదచారే కాదు

సైకిల్ మీద ఉంటే వీ15, మోటార్ సైకిల్ అయితే వీ25, కారులో ఉంటే వీ45. రైలెక్కుతూనో దిగుతూనో దెబ్బ తగిలితే వీ81.4. కానీ వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషి పాదచారే. వాళ్లకు ‘ఇతర సాధనం’ కోడ్ వీ05.09 లేదా వీ05.19 వస్తుంది. భూగర్భ మెట్రో రైలు కూడా ఇక్కడ రైలు కిందే లెక్క.

ఉద్దేశం తప్పుగా పడింది

నన్ను నిజంగా బాధపెట్టే తప్పు ఇదే. ‘పట్టాల మీద పడుకుని కనిపించాడు’ అన్న మాట చూడగానే ఎక్స్81.1, అంటే ఉద్దేశపూర్వక స్వీయహాని కోడ్ వేసేస్తారు. ఆ మనిషి ఫిట్స్ వచ్చి పడి ఉండవచ్చు, షుగర్ పడిపోయి ఉండవచ్చు. మన ఊహ అతని రికార్డులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, ప్రతి డాక్టరూ దాన్నే చదువుతారు.

ఐసీడీ-10-సీఎం కోడింగ్ గైడ్‌లైన్ స్పష్టంగానే ఉంది: ఉద్దేశం తెలియకపోతే ప్రమాదంగానే కోడ్ చేయాలి. ఉద్దేశం తేల్చలేకపోతున్నామని ప్రొవైడర్ రాస్తేనే వై31. ఎవరో తోసేశారని రాస్తే వై02.1. స్వీయహాని అని ప్రొవైడర్ రాసి ఉంటే మొహమాటపడి దాన్ని ప్రమాదంగా మార్చకండి, అదీ తప్పే. ఆ మనిషికి అందాల్సిన సాయం ఆ కోడ్ వల్లే అందవచ్చు. క్వెరీ రాసేటప్పుడు ‘ఇది ఆత్మహత్యాయత్నమేనా?’ అని జవాబు నోట్లో పెట్టకుండా, ‘ఘటన ఎలా జరిగిందో వివరంగా నమోదు చేయగలరా?’ అని అడగండి.

తర్వాతి విజిట్లలో ఏడో అక్షరం కలవడం లేదు

ఏ అంటే మొదటి విజిట్ అని కాదు, చురుకైన చికిత్స సాగుతోందని. రెండో సర్జరీకి వచ్చినా ఏ రావచ్చు. మానే దశలో డీ. ఫ్రాక్చర్‌కు జీ, కే లాంటి అక్షరాలు వచ్చినా వీ కోడ్‌కు ఉన్నవి ఏ, డీ, ఎస్ మూడే. అక్కడ డీ వేయండి.

ఎస్ మిగిలిపోయిన ఇబ్బందికి మాత్రమే. తెగిపోయిన కాలు ఇంకా ఉన్నట్టే నొప్పి వస్తోందని ఏడాది తర్వాత వస్తే, ముందు జీ54.6, తర్వాత ఎస్88.112ఎస్, ఆ తర్వాత వీ05.00ఎక్స్‌ఎస్. మామూలు ఫాలోఅప్‌కు ఎస్ వాడకండి. చోటు, పని చెప్పే వై92, వై93 కోడ్లు తొలి చికిత్సప్పుడు ఒక్కసారే వేయాలి. పాత క్లెయిమ్ కాపీ చేసి పంపేటప్పుడు అవి కూడా వెంట వచ్చేస్తాయి, చూసి తీసేయండి.