రైస్ కుక్కర్ ఎంచుకోవడం, భద్రంగా వాడటం ఎలా?

ఇళ్లల్లో ఎక్కువగా వాడే మామూలు రైస్ కుక్కర్‌లో టైమర్ ఉండదు. అన్నం ఉడికిందో లేదో దానికి తెలియదు. గిన్నె అడుగు ఎంత వేడెక్కిందో మాత్రమే తెలుసు. గిన్నెలో నీళ్లున్నంతసేపు ఆ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. బియ్యం నీళ్లన్నీ పీల్చుకోగానే పైకి ఎగబాకుతుంది. హీటింగ్ ప్లేటు మధ్యలో స్ప్రింగు మీద ఆడే గుండ్రటి బొత్తాం ఒకటి కనిపిస్తుంది కదా, దాని లోపల అయస్కాంతం ఉంటుంది. వేడి 100 దాటి మూడు నాలుగు డిగ్రీలు పెరిగేసరికి దాని పట్టు సడలి, స్విచ్ టక్కుమని పైకి లేస్తుంది. 1955లో జపాన్‌లో తోషిబా కంపెనీ ఆటోమేటిక్ కుక్కర్ తెచ్చినప్పుడు లోపలి అమరిక వేరుగా ఉండేది గానీ, నీళ్లు అయిపోగానే పెరిగే వేడితో స్విచ్ ఆగిపోవాలన్న కిటుకు మాత్రం ఇదే.

కొనేటప్పుడు

డబ్బా మీద రాసిన లీటర్లు చూసి మోసపోకండి. కొందరు గిన్నె మొత్తం కొలత రాస్తారు, కొందరు వండగలిగే బియ్యం కొలత రాస్తారు. ఎన్ని గ్రాముల బియ్యం వండొచ్చో అడిగి తెలుసుకోండి. సాధారణంగా ఇద్దరు ముగ్గురికి 1 లీటరుది, నలుగురైదుగురికి 1.8 లీటర్లది సరిపోతుంది. పండక్కి చుట్టాలొస్తారని ముందే 2.8 లీటర్లది కొంటే, రోజూ వండే రెండు కప్పుల బియ్యం పెద్ద గిన్నెలో పలచగా పరుచుకుని అడుగంటుతాయి.

1.8 లీటర్లది దాదాపు 700 వాట్లు ఉంటుంది. అంటే 3 ఆంపియర్ల కరెంటు, మామూలు 6 ఆంపియర్ల సాకెట్ చాలు. కాకపోతే ప్లగ్గుకు మూడు పిన్నులు ఉండాలి, ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉండాలి. లావు పిన్ను పట్టడం లేదని విరగ్గొట్టడం, టూ పిన్ అడాప్టర్ తగిలించడం ప్రాణం మీదికి తెచ్చే పనులు. ఐఎస్‌ఐ మార్కు, ఊరిలో సర్వీసు, విడిగా గిన్నె దొరుకుతుందా లేదా అన్నవి కూడా చూసుకోండి. నాన్‌స్టిక్ గిన్నె కడగడానికి సుఖం, కానీ స్టీలు గరిటె తగిలితే పూత లేచిపోతుంది. గీతలు పడకుండా చూసుకునే ఓపిక లేకపోతే స్టీలు గిన్నె ఉన్నదే తీసుకోండి.

అమెరికా వెళ్లే పిల్లల పెట్టెలో ఇక్కడి కుక్కర్ సర్దే తల్లిదండ్రులకు ఒక మాట. అక్కడ కరెంటు 120 వోల్టులు. మన 230 వోల్టుల కుక్కర్ అక్కడ నాలుగో వంతు వేడి మాత్రమే ఇస్తుంది, బియ్యం నానుతాయి తప్ప ఉడకవు. అక్కడిది తెచ్చి ఇక్కడ నేరుగా పెడితే కాలిపోతుంది.

వండేటప్పుడు

బియ్యం వేరే గిన్నెలో కడగండి. కుక్కర్‌తో వచ్చే కప్పు చాలావరకు 180 మిల్లీలీటర్లది. గిన్నె లోపలి గీతలు దానికి సరిపడేలా ఉంటాయి, మన టీ గ్లాసుకు కాదు.

కుక్కర్‌లో వండేది అత్తెసరు అన్నం. గంజి వార్చే పని లేదు కాబట్టి ముందు పోసిన నీళ్ల మీదే అంతా ఆధారపడుతుంది. సోనా మసూరి, బీపీటీ లాంటి సన్న బియ్యం కొత్తవైతే ఒకటికి రెండు కప్పులు, పాతవైతే రెండున్నర. పులిహోరకైతే పావు కప్పు తగ్గించండి. దంపుడు బియ్యాన్ని అరగంట పైగా నానబెట్టి, ఒకటికి మూడు దాకా పోయాలి. కొత్త బస్తా విప్పిన రోజు కొంచెం వండి చూడటం మేలు.

ఇక అసలు జాగ్రత్త. గిన్నెను కుక్కర్‌లో దించే ముందు దాని అడుగును, బయటి అంచులను పొడిబట్టతో తుడవండి. హీటింగ్ ప్లేటు మీద వేలితో తడిమి చూడండి. అక్కడ ఒక్క మెతుకు ఎండి ఉన్నా గిన్నె ఓ పక్కకు ఒరుగుతుంది, మధ్యలో బొత్తాం అడుగుకు సరిగా ఆనదు. అప్పుడు పలుకు మీదుండగానే స్విచ్ పైకి లేచిపోవచ్చు, లేదా అన్నం మాడేదాకా లేవకపోవచ్చు. గిన్నె దించాక అటూ ఇటూ ఒకసారి తిప్పితే కుదురుకుంటుంది. గిన్నె సొట్టపోయినా ఇదే తంటా.

మూత పెట్టి, వైరు ముందు కుక్కర్‌కు గుచ్చి, తర్వాతే గోడ ప్లగ్గులో పెట్టండి. స్విచ్ చివర్న నొక్కండి. గిన్నె లేకుండా, ఖాళీ గిన్నెతో ఎప్పుడూ ఆన్ చేయొద్దు. పొంగి గంజి కారుతుంటే బియ్యం ఎక్కువైనట్టే, మరుసటిసారి తగ్గించండి. అర చెంచా నూనె వేసినా నురుగు కొంత అణుగుతుంది. ఆవిరి పోయే చోటు మీద బట్ట కప్పకూడదు. పైన చెక్క అల్మారా ఉంటే కుక్కర్‌ను ముందుకు జరపండి. వైరు గట్టు మీంచి వేలాడితే చిన్నపిల్లలు లాగుతారు.

మధ్యలో కరెంటు పోతే మామూలు కుక్కర్‌లో స్విచ్ కిందే ఉండి, కరెంటు రాగానే ఉడకడం మళ్లీ మొదలవుతుంది. గంటలు గడిచాక వస్తే ఆ సగం ఉడికిన అన్నం పారేయండి. చిన్న ఇన్వర్టర్ లైను మీద కుక్కర్ పెట్టకండి, ఆ లోడు తట్టుకోదు.

టక్కుమన్నాక పది నిమిషాలు ఆగి, మూత అవతలి వైపుకు వంచి తెరవండి. ఆవిరి మొహానికి కొడుతుంది. అన్నం ఉడకలేదని స్విచ్‌ను బలవంతంగా నొక్కి పట్టుకోవడం, పుల్ల అడ్డం పెట్టడం చాలామంది చేస్తారు. కుక్కర్‌కున్న ముఖ్యమైన కాపలాను తీసేయడమే అది. పలుకుగా ఉంటే కొంచెం వేడి నీళ్లు చిలకరించి, ఐదు నిమిషాలు ఆగి మామూలుగా నొక్కండి.

వండిన తర్వాత

వార్మ్ లైటు వెలుగుతున్నప్పుడు అన్నం 60 డిగ్రీల పైన ఉంటే మంచిదే, అయినా నాలుగైదు గంటలు దాటనివ్వకండి. ప్లగ్గు తీసేసి మూత పెట్టి గోరువెచ్చగా వదిలేయడం మాత్రం ప్రమాదం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చని అన్నంలో అవి మొలిచి విషం తయారు చేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. మిగిలింది వెడల్పాటి గిన్నెలో పరిచి, గంటా రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి.

కడిగేటప్పుడు ప్లగ్గు తీసి పూర్తిగా చల్లారనివ్వండి. గిన్నె, మూత కడగొచ్చు, బాడీని మాత్రం కుళాయి కింద పెట్టకూడదు. పిండిన తడిబట్టతో తుడిస్తే చాలు. ప్లేటుకు అంటుకుని మాడిన మెతుకును సన్న గరుకు కాగితంతో మెల్లగా రుద్ది తీసి, మధ్య బొత్తాం వేలితో నొక్కి చూడండి. అది తేలిగ్గా దిగి పైకి రావాలి. వైరు కుక్కర్‌కు గుచ్చే చోట నల్లబడినా, వదులై చిటపటలాడినా వైరు మార్చండి. బాడీ తాకితే చేయి జివ్వుమంటే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపండి, ప్లగ్గు తర్వాత పీకండి. ఎర్తింగ్ చూపించి, కుక్కర్‌ను సర్వీసు సెంటర్‌కు ఇచ్చేదాకా అన్నం పొయ్యి మీద వండుకోండి.