ఉమ్మడి బోరు మ్యూచువల్ కాదు (ఆంగ్ల విశేషణాలు: ఏడో పాఠం)

పోయిన పాఠానికి మీరు పంపిన కాగితాలు దిద్దడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. సగానికి సగం మంది 'అవర్ మ్యూచువల్ బోర్‌వెల్' అని రాశారు. ఒకరు 'మ్యూచువల్ వాల్' కట్టారు. పాకాల నుంచి రాసినవారైతే 'మ్యూచువల్ బఫెలో'ను కూడా తోలుకొచ్చారు. తప్పులో కొంత నాది. 'మ్యూచువల్ ఫ్రెండ్' అంటే ఇద్దరికీ స్నేహితుడని చెప్పి అక్కడే ఆపేశాను. ఇద్దరికీ ఉన్నదల్లా మ్యూచువలే అని మీరు అనుకున్నారు. మీ తర్కం బాగానే ఉంది, ఆంగ్లమే దానికి లొంగలేదు.

అందుకే ఈసారి చెబుతానన్న 'రెసిప్రొకల్'ను పక్కన పెడుతున్నాను. మ్యూచువల్ ఉచ్చారణ, స్పెల్లింగు మీకు వచ్చినవే, వాటి జోలికి పోను.

ఈ మాట లాటిన్‌లోని 'మూటువుస్' నుంచి వచ్చింది. అరువు తెచ్చుకున్నది, ఇచ్చిపుచ్చుకున్నది అని దానికి అర్థం. అంటే ఏదో ఒకటి అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ నడవాలి. గౌరవం నడుస్తుంది, సాయం నడుస్తుంది, అనుమానమైతే పరుగెత్తుతుంది. బోరు నడవదు. గట్టు మీద ఉన్నచోటే ఉండి అన్నదమ్ములిద్దరి పొలాలకూ నీళ్ళిస్తుంది. దానికి 'షేర్డ్' లేదా 'కామన్' వాడాలి.

నా చిట్కా ఒకటుంది. తెలుగులో 'ఒకరిపై ఒకరికి' అని పెట్టి చూస్తాను. 'ఒకరిపై ఒకరికి గౌరవం' కుదిరింది కాబట్టి 'మ్యూచువల్ రెస్పెక్ట్'. 'ఒకరిపై ఒకరికి గోడ' అంటే మీకే నవ్వొస్తుంది. 'ఉమ్మడి' అన్న మాట హాయిగా అతికిందంటే మ్యూచువల్‌ను వదిలేయండి.

భాగస్తులిద్దరు ఒకరినొకరు అనుమానించి ప్రమాణానికి కాణిపాకం వెళ్ళారనుకోండి. వాళ్ళ మధ్య ఉన్నది 'మ్యూచువల్ సస్పిషన్'. వాళ్ళు తగవు పడుతున్న దుకాణం మాత్రం 'షేర్డ్ షాప్'. తోతాపురి మామిడి రైతుకు గుజ్జు ఫ్యాక్టరీ కావాలి, ఫ్యాక్టరీకి రైతు కావాలి, కనుక 'మ్యూచువల్ బెనిఫిట్'. ధర పడిపోయిన ఏడు అక్కడ ఇంకేమి మ్యూచువల్‌గా ఉంటుందో మామిడి మండీ ఉన్న దామలచెరువు వైపువారికి నేను చెప్పనక్కరలేదు. చిత్తూరు టీచరు మదనపల్లెకు, మదనపల్లె టీచరు చిత్తూరుకు మారితే 'మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్'. స్టాఫ్‌రూముల్లో 'మ్యూచువల్ దొరికిందా?' అని అడుగుతుంటారు. ఆంగ్లంలో దాన్ని అలా నామవాచకంగా వాడకండి, 'మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్' అని పూర్తిగా అనండి. హిందూ వివాహ చట్టంలో 1976లో చేర్చిన 13బి సెక్షన్ విడాకులకు 'మ్యూచువల్ కన్సెంట్' కావాలి. ఒకరే ఒప్పుకుంటే ఆ సెక్షన్ పనికిరాదు.

మరి స్నేహితుడి సంగతి? అతడు అటూ ఇటూ నడిచే గుణం కాదు, మనిషి. నిజమే, ఇది మినహాయింపు. 'కామన్' అంటే నాసిరకం అన్న అర్థం కూడా ఉంది. మిత్రుణ్ణి అలా అనడం బాగుండదని కాబోలు, మ్యూచువల్‌ను అక్కడికి లాక్కొచ్చారు. 1864-65లో డికెన్స్ తన నవలకు 'అవర్ మ్యూచువల్ ఫ్రెండ్' అనే పేరు పెట్టాక కూడా పండితులు సణుగుతూనే ఉన్నారు. నేను నోటితో 'కామన్ ఫ్రెండ్' అనే అంటాను. మీరు పరీక్షలో మ్యూచువల్ అనే రాయండి. కానీ ఆ మినహాయింపు వేలు పట్టుకుని బర్రెను లోపలికి రానివ్వకండి.

ఇంకొక్కటి. 'దే హావ్ మ్యూచువల్ రెస్పెక్ట్ ఫర్ ఈచ్ అదర్' అంటే కూరలో రెండుసార్లు ఉప్పు వేసినట్టే. మ్యూచువల్ ఉంటే 'ఈచ్ అదర్' తీసేయండి. 'పరస్పరం సాయం చేసుకున్నారు' అన్నప్పుడు మ్యూచువల్‌తో పనే లేదు, 'దే హెల్ప్‌డ్ ఈచ్ అదర్' చాలు.

అభ్యాసం: ఉమ్మడి బోరు దగ్గర అన్నదమ్ముల తగవు మొదలై, పెద్దమనుషుల ముందు రాజీ కుదిరేదాకా పది ఆంగ్ల వాక్యాల్లో రాయండి. మ్యూచువల్ సరిగ్గా రెండుసార్లు, కామన్ ఒకసారి, షేర్డ్ ఒకసారి రావాలి. 'ఈచ్ అదర్' ఒక్కసారే, అదీ మ్యూచువల్ లేని వాక్యంలో. బోరును మళ్ళీ మ్యూచువల్ చేసిన కాగితాన్ని దిద్దకుండానే తిప్పి పంపుతాను.