పోయిన డేటాను రాబట్టుకోవడం – 3వ పాఠం: ముందు ఇమేజ్, ఆ తర్వాతే ఫైళ్లు

కిందటి పాఠంలో ల్యాప్‌టాప్ నుంచి హార్డ్ డిస్క్ ఊడదీసి, ఉబుంటు (విండోస్ బదులు వాడే లినక్స్ సిస్టమ్) ఉన్న వేరే కంప్యూటర్‌కి తగిలించి, డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్ట్ చూశాం. అందులో 5, 197 నంబర్ల వరసల్లో సున్నా కాకుండా వేరే అంకె కనబడితే ఈ పాఠం మీకే. సెక్టార్ అంటే డిస్క్‌లో డేటా దాచుకునే చిన్న గడి. 5 అంటే పాడైపోతే డిస్క్ వాటి బదులు వేరేవి వాడుకున్న సెక్టార్ల లెక్క, 197 అంటే సరిగా చదవలేక అనుమానంతో పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క. డిస్క్ టక్ టక్‌మని కొట్టుకుంటున్నా, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే సెట్టింగ్స్‌లో) అసలు కనబడకపోయినా ఇంట్లో చేసేదేమీ లేదు. కరెంటు తీసేసి, క్లీన్ రూమ్ (దుమ్ము చేరని గది) ఉన్న రికవరీ ల్యాబ్‌కి ఇవ్వండి.

డిస్క్ తగిలించగానే ఫొటోల ఫోల్డర్ తెరిచి కాపీ కొట్టాలనిపిస్తుంది. దయచేసి ఆగండి. ముందు ఇమేజ్ తీసుకోవాలి, అంటే డిస్క్ మొత్తానికి ఒకే ఫైలుగా అచ్చమైన నకలు. మామూలు కాపీ చెడ్డ సెక్టార్ దగ్గర ఇరుక్కుపోయి దాన్నే మళ్లీ మళ్లీ చదువుతుంది. ఆ పెనుగులాటలో డేటా చదివే హెడ్ పూర్తిగా పోతే, బాగున్న వందల జీబీలు కూడా చేజారిపోతాయి. డిస్క్‌ని విండోస్ కంప్యూటర్‌కి పెట్టినప్పుడు ‘ఫార్మాట్ చేయాలి’ అని అడిగితే క్యాన్సిల్ కొట్టండి. విండోస్‌లోని చెక్‌డిస్క్ కూడా వద్దు. అది ఫైల్ సిస్టమ్‌ని సరిచేసే పేరుతో డిస్క్ మీదే రాస్తుంది.

ఇమేజ్ తీయడానికి మనకు కావలసింది జీఎన్‌యూ డీడీరెస్క్యూ. ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన ఉచిత ప్రోగ్రామ్. ఉబుంటులో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ, కమాండ్ మాత్రం డీడీరెస్క్యూ. తేలిగ్గా చదవగలిగినదంతా ముందు లాగేసి, మొండికేసే చోట్లను దాటేసి, వాటి దగ్గరికి చివర్లో తిరిగిరావడం దీని గొప్పతనం.

ఇమేజ్ పెట్టుకునే డ్రైవ్‌లో పాత డిస్క్ సైజు కన్నా ఎక్కువ ఖాళీ ఉండాలి. 500 జీబీ డిస్క్‌కి ఖాళీగా ఉన్న 1 టీబీ డ్రైవ్ తీసుకోండి. ఫ్యాట్32 ఫార్మాట్ పనికిరాదు, 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు.

తగిలించిన డిస్కులన్నీ చూపించే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి ఏది పాత డిస్కో, ఏది కొత్తదో సైజు చూసి కాగితం మీద రాసుకోండి. ఇక కమాండ్ వరస (ఇక్కడ చెప్పే మైనస్ గుర్తులన్నిటికీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే): సుడో (అడ్మిన్ అనుమతితో నడపమని), డీడీరెస్క్యూ, మైనస్ ఎన్ (మొండి చోట్లను ఇప్పటికి వదిలేయమని), పాత డిస్క్ పేరు, ఇమేజ్ ఫైలు పేరు, మ్యాప్ ఫైలు పేరు. మైనస్ ఎఫ్ (బలవంతంగానైనా రాయమని) ఎక్కడా పెట్టకండి. అది లేనంతవరకూ డీడీరెస్క్యూ డిస్క్ మీద నేరుగా రాయడానికి ఒప్పుకోదు కాబట్టి, పేర్లు తారుమారైనా డేటా చెరిగిపోదు.

ఇమేజ్ ఎంత ముఖ్యమో మ్యాప్ ఫైలూ అంతే ముఖ్యం. మామూలు టెక్స్ట్ ఫైలే, తెరిచి చూడండి. ప్రతి వరసలో డిస్క్‌లో ఒక ముక్క ఎక్కడ మొదలైంది, ఎంత పొడవు, చివర ఒక గుర్తు ఉంటాయి. + అంటే వచ్చేసింది, - అంటే చదవలేకపోయింది, ? అంటే ఇంకా ముట్టుకోలేదు. కరెంటు పోయినా, మీరే కంట్రోల్ సీ కొట్టి ఆపినా, అదే కమాండ్ మళ్లీ ఇస్తే ఈ ఫైలు చూసుకుని ఆగిన చోటు నుంచి అందుకుంటుంది. అందుకే ఆ ఫైలుకి అప్పుడప్పుడు ఒక కాపీ వేరే చోట పెట్టుకోండి.

మన ఎండాకాలంలో డిస్క్‌ని ఫ్యాన్ గాలి తగిలేచోట పెట్టండి. స్మార్ట్ రిపోర్టులో సాధారణంగా 194వ నంబర్ దగ్గర ఉష్ణోగ్రత ఉంటుంది. 50 డిగ్రీలు దాటితే ఆపి, చల్లారనివ్వండి. సెకనుకు 80 ఎంబీ చొప్పున వస్తే 500 జీబీ రెండు గంటల్లోపే అయిపోతుంది. చెడ్డ సెక్టార్లు ఎక్కువైతే రోజులు పట్టవచ్చు. వేగం పడిపోయిందని టెన్షన్ పడి డిస్క్‌ని కదపకండి.

మొదటి విడత ముగిశాక మైనస్ ఎన్ తీసేసి మైనస్ డీ (డిస్క్ నుంచి నేరుగా చదవమని), మైనస్ ఆర్3 (మూడు సార్లు మళ్లీ ప్రయత్నించమని) పెట్టండి. ఇమేజ్, మ్యాప్ ఫైళ్ల పేర్లు మాత్రం అవే ఉండాలి. ఇప్పుడు మిగిలిన చోట్లను మాత్రమే పట్టుకుని, అప్పటికీ రాని సెక్టార్లను మరో మూడు సార్లు ప్రయత్నిస్తుంది. కొత్త శబ్దమేదైనా వినిపిస్తే మాత్రం అక్కడితో ఆపేయండి.

99.98 శాతం వచ్చిందనుకుందాం. 500 జీబీలో మిగిలిన 0.02 శాతం అంటే 100 ఎంబీ. అందులో మీ పాప అన్నప్రాశన వీడియో ఉందో, విండోస్ సొంత ఫైళ్లే ఉన్నాయో తెలుసుకునే పద్ధతి ఒకటుంది: ఇమేజ్‌కి ఇంకో కాపీ తీసి, చదవలేకపోయిన చోట్లలో ఒక గుర్తు మాట నింపి, ఆ మాట ఏ ఫైళ్లలో తగులుతుందో వెతకడం. 4వ పాఠంలో అదే చేద్దాం. ఈలోగా పాత డిస్క్‌ని కంప్యూటర్ నుంచి తీసేసి, మళ్లీ కరెంటు ఇవ్వకుండా పక్కన పెట్టండి.