దసరా కత్తులకు డైమండ్ రాయి పడుతున్నారా? ఒత్తకండి

పోయిన ఆదివారం మా అన్న కొడుకు ఎడమ బొటనవేలికి ఐదు కుట్లు పడ్డాయి. దసరాకు నాలుగిళ్ల వాళ్లం కలిసి యాటను కొని పోగులు వేసుకుంటాం. ఆ కత్తులు ఈసారి తనే పదును పెడతానని ఆన్‌లైన్‌లో డైమండ్ రాయి తెప్పించాడు. రాయిని ఎడమ అరచేతిలో పట్టుకుని, కుడిచేత్తో కత్తిని దాని మీద గట్టిగా ఒత్తి తోశాడు. తడి రాయి మీద కత్తి జారి, రాయి అంచు దాటి, నేరుగా వేలి మీదికి వచ్చింది. దవాఖాన నుంచి వచ్చాక అడిగితే ఒకటే మాట: "కాకా, రాయి కొత్తల మంచిగనే తిన్నది. తర్వాత తింటలేదని జర గట్టిగ ఒత్తిన."

ఆ "జర గట్టిగ" గురించే ఇదంతా రాస్తున్నా. పదేళ్లుగా చుట్టాల కత్తులు, పెళ్లి వంటవాళ్ల కత్తులు పదును పెడుతున్నా. హన్మకొండలో మా వీధిలోనే ఒత్తి పాడుచేసిన రాళ్లు అరడజను చూశాను. కత్తులైతే లెక్కలేదు.

డైమండ్ రాయి మామూలు సానరాయి లాంటిది కాదు. ఇనుప పలక మీద వజ్రపు రవ్వలను చల్లి, నికెల్ పూతతో అంటిస్తారు. సానరాయి అరిగినకొద్దీ లోపలి నుంచి కొత్త రవ్వ బయటపడుతుంది. ఇక్కడ ఉన్నది ఒక్క పొరే. గట్టిగా ఒత్తితే వజ్రం అరగదు, నికెల్ నుంచి ఊడి వస్తుంది. ఊడిన చోట మిగిలేది నున్నటి రేకు.

కొత్త రాయి మీద కొన్ని రవ్వలు మిగతావాటికంటే ఎత్తుగా నిలబడి ఉంటాయి. అందుకే మొదటి రెండు మూడు కత్తులకు అది రంపంలా తింటుంది. ఆ రవ్వలు విరిగి సర్దుకున్నాక దూకుడు తగ్గుతుంది. అప్పటినుంచే రాయి అసలు పని మొదలవుతుంది. కానీ మనవాళ్లు రాయి మొద్దుబారిందనుకుని, పాత దూకుడు కోసం ఒత్తడం మొదలుపెడతారు. ఒత్తితే ఉన్న రవ్వలు ఊడతాయి, ఊడితే ఇంకా తినదు, తినకపోతే ఇంకా ఒత్తుతారు. మా వాడు సరిగ్గా ఈ సుడిలోనే పడ్డాడు.

ఎంత బరువు వేయాలో మాటల్లో చెబితే ఎవరికీ ఎక్కదు. వంటింట్లో డిజిటల్ కాంటా ఉంటే దాని మీద తడిగుడ్డ వేసి, రాయి పెట్టి, సున్నా చేసి, మీరు రోజూ రుద్దినట్టే కత్తిని రుద్దండి. నాది 300, 400 గ్రాముల మధ్య ఆడుతుంది. కట్టు విప్పాక మా వాడిని ఎడమ చెయ్యి జేబులో పెట్టించి, కుడిచేత్తో చేసి చూపించమంటే అంకె మూడు కిలోలు దాటింది. వాడి మొహం చూడాల్సింది. అర కిలో దాటితే చెయ్యి తేలిక చేయండి. చివరి పది గీతలకు కత్తి సొంత బరువు చాలు.

ఇక రాయి ఎంపిక. రాయి మీద గ్రిట్ అని ఒక అంకె ఉంటుంది, రవ్వ సైజుకు గుర్తు. ఆ అంకె తగ్గితే రవ్వ పెద్దదని చాలామందికి తెలుసు. ఎంత పెద్దదో తెలియదు. మంచి కంపెనీల లెక్కలో 325 అంటే రవ్వ సుమారు 45 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 600 అంటే 25, 1200 అంటే 9. 120 రాయి రవ్వ దాదాపు 120 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అది అంచు విరిగిన కత్తికి, కోణం మొత్తం మార్చాల్సిన కత్తికి మాత్రమే. రోజూ ఉల్లిగడ్డ కోసే కత్తికి దాన్ని తాకించకండి. 400, ఆ తర్వాత 1000 ఉంటే ఇంటికి సరిపోతాయి. చవక రాళ్ల మీద అచ్చు వేసిన అంకెను గుడ్డిగా నమ్మొద్దు. ముందు పాత కత్తి మీద గీసి గీతలు చూడండి.

కోణం మార్చడం అంటే ఇనుము తీసేయడం. తీసింది మళ్లీ అతకదు. అంచు వెనుక అర మిల్లీమీటరు మందం ఉన్న కత్తిని ఒక్కో పక్క 20 డిగ్రీల దగ్గర పెడితే, మెరిసే ఏటవాలు 0.7 మిల్లీమీటర్లు వస్తుంది. 10 డిగ్రీలకు దించితే దానికి రెట్టింపు. చూడ్డానికి బాగుంటుంది, టమాటా మీద పెడితే దానంతటదే దిగుతుంది. అదే కత్తితో బొక్క కొడితే అంచు మడత పడుతుంది, లేదా పెచ్చు లేస్తుంది. కూరగాయల కత్తికి 15 నుంచి 20 డిగ్రీలు, మాంసం కొట్టే కత్తికి 25. అంచు నుంచి వెన్ను దాకా 45 మిల్లీమీటర్ల వెడల్పున్న కత్తి వెన్ను రాయి నుంచి 12 మిల్లీమీటర్లు లేస్తే 15 డిగ్రీలు, 15 మిల్లీమీటర్లు లేస్తే 20. పిల్లల స్కేలుతో ఒక్కసారి కొలుచుకుంటే చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది. అంచు మీద మార్కర్ పెన్నుతో నల్లగా గీసి రెండుసార్లు రుద్దండి. నలుపు ఎక్కడ పోయిందో చూస్తే రాయి ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. ఒత్తినప్పుడు మణికట్టు ఊగి ఈ కోణమే ముందు పాడవుతుంది, అదీ చూసుకోండి.

తాతల నాటి కత్తి, బాకు ఏదైనా ఇంట్లో ఉంటే డైమండ్ రాయి దగ్గరికి తేవద్దు. ఇరాన్ నుంచి వ్యాపారులు వచ్చి ఉక్కు కొనుక్కుపోయిన కోనసముద్రం మన నిజామాబాద్ జిల్లాలోనే ఉంది. అటక మీది తుప్పు కత్తి ఏ ఉక్కుదో తెలియకుండా గీకి, తర్వాత నెత్తి కొట్టుకోవద్దు.

మిగతావి వరుసగా రాస్తున్నా.

రాయిని చేతిలో పట్టుకోకండి. బండ మీద తడిగుడ్డ పరిచి, దాని మీద పెట్టండి. తోస్తే కదలకూడదు.

రెండో చెయ్యి వేళ్లు కత్తి వెన్ను వైపే ఉండాలి. కత్తి పోయే దారిలో వేలు ఉండొద్దు.

నాలుగు చుక్కల సబ్బు నీళ్లు చాలు. నూనె వద్దు. రాయిని బకెట్లో నానబెట్టకండి, పని అయ్యాక తుడిచి ఆరబెట్టండి, అడుగున ఉన్నది ఇనుమే.

నల్ల నీళ్లు చేరితే గుడ్డతో తుడవండి. ఆరిన పొడిని నోటితో ఊదకండి, అది ఇనుప రజను, కళ్లలో పడుతుంది.

కక్కు కొడవలిని ఈ పలక మీద రుద్దకండి, పళ్లు పోతాయి. బతుకమ్మకు తంగేడు, గునుగు కోసే కొడవలికి కక్కు ఉందో లేదో ముందు చూసుకోండి.

ఇత్తడి, అల్యూమినియం రుద్దకండి. రాయి పూడిపోతుంది.

విసుగొచ్చి వెల్డింగ్ షాపు గ్రైండరుకు ఇవ్వకండి. అంచు నీలం రంగుకు తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీలు తాకినట్టు. ఇక ఆ అంచు పదును నిలవదు.

ఒక పక్క రుద్దాక రెండో పక్క అంచున బర్, అంటే మడత పడిన సన్నటి ఇనుప పొర, లేస్తుంది. వెన్ను నుంచి అంచు బయటికి వేలు జరిపి చూడండి. అంచు పొడవునా వేలు జరపకండి. మళ్లీ చెప్తున్నా, పొడవునా జరపకండి.

బర్ పోయేదాకా పక్కలు మారుస్తూ తేలిగ్గా గీయండి. ఒత్తితే బర్ పోదు, ఇంకోటి లేస్తుంది. అది అలాగే వదిలేస్తే ఊడి కూరలో పడుతుంది.

పండగ పొద్దున పదును పెట్టకండి. రెండు రోజుల ముందే పెట్టండి. తొందరలో చెయ్యి ఒత్తుతుంది.

మందు తాగి కూర్చోకండి. దసరా కదా, చెప్పక తప్పట్లేదు.

పిల్లలు చుట్టూ ఉంటే మొదలుపెట్టకండి.

పదును పెట్టిన కత్తిని అట్టముక్కలో చుట్టి, ఇంట్లో అందరికీ చెప్పండి. మొద్దు కత్తికి అలవాటుపడిన ఆడవాళ్ల వేళ్లే ముందు తెగేది.

తెగితే పసుపు, కాఫీ పొడి అద్దకండి. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా గట్టిగా పట్టుకోండి. ఇక్కడ మాత్రం ఒత్తండి. రక్తం ఆగకపోయినా, వేలు మడవడం రాకపోయినా, కొస తిమ్మిరెక్కినా దవాఖానకు పోండి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో డాక్టరుకు చెప్పండి.

రాయి తినట్లేదా? ముందు సబ్బు నీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో కడగండి. పది సార్లలో ఎనిమిది సార్లు పూడుకుపోవడమే కారణం. కడిగినా తినకపోతే కొత్తది కొనండి. ఒత్తకండి.