బొమ్మలు రాకపోయినా పర్లేదు, పెన్సిల్ పట్టండి

పొద్దున బైబిల్ చదువుతాం, టిఫిన్ అయ్యేసరికి ఏం చదివావని అడిగితే నీళ్లు నములుతాం. దీనికి నాకు తెలిసిన మంచి ఉపాయం, చదివినదాన్ని చిన్న బొమ్మగా గీయడం. గుండ్రం, గీత, చుక్క, డబ్బా, త్రికోణం వస్తే చాలు. గీయడానికి పట్టే ఆ కాసేపూ మనసు ఆ వాక్యం దగ్గరే ఉంటుంది, మనకు కావలసింది అదే.

రూళ్లు లేని నోట్‌బుక్, పెన్సిల్ తీసుకోండి. బైబిల్ అంచుల్లోనే గీయాలనిపిస్తుంది గానీ ఆ కాగితం పల్చన, జెల్ పెన్ పెడితే వెనక పేజీలోకి దిగిపోతుంది.

ముందు 23వ కీర్తనతో మొదలుపెట్టండి. అందరూ గొర్రెని, దుడ్డుకర్రని గీసి ఆపేస్తారు, మీరు 5వ వచనానికి రండి: "నా శత్రువుల యెదుట నీవు నాకు భోజనము సిద్ధపరచుదువు." ఒక విస్తరాకు, గ్లాసు, దాని ముందు కూర్చున్న మనిషి (తలకి గుండ్రం, ఒంటికి గీతలు). ఇప్పుడు శత్రువుల్ని ఎక్కడ పెడతారు? గుమ్మం బయటా, ఎదురుగానా? ఎంతమంది? వాళ్లలో తెలిసిన ముఖం ఏదైనా ఉందా? ఎన్నోసార్లు కంఠతా చెప్పిన వచనమే, ఇక్కడికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. వాళ్లు వెళ్లిపోయాక భోజనం పెడతానని కాదు కదా అక్కడున్నది. అలా ఆగిన చోటే ప్రార్థన చేసుకోండి.

మర్నాడు మత్తయి 13లోని ఆవగింజ ఉపమానం, చిన్న గింజ పెరిగి చెట్టవుతుందని యేసు చెప్పింది. పోపుల డబ్బాలోంచి నిజం గింజ ఒకటి తీసి పేజీ మూల పెట్టి చుట్టూ గీత గీయండి, మిగతా పేజీ అంతా చెట్టు, కొమ్మల మీద పిట్టలు.

వాక్యమే గీయాలని లేదు. "అడవిపువ్వులు ఏలాగు నెదుగుచున్నవో ఆలోచించుడి" అన్నాడు ప్రభువు (మత్తయి 6:28), కాబట్టి బస్సు కోసం నిలబడ్డప్పుడు గోడ పక్కన మొలిచిన గడ్డిచామంతిని గీయండి, రేకుల కొసలు నొక్కులు నొక్కులుగా ఉంటాయని అప్పుడే తెలుస్తుంది. ప్రార్థన మనవులకు ఒక పేజీ పెట్టుకుని ఒక్కో మనిషికి ఒక్కో డబ్బా గీయండి, ఆస్పత్రిలో ఉంటే మంచం, ఉద్యోగం వెతుక్కుంటుంటే చెప్పులు, జవాబు వచ్చిన రోజు రంగు వేయండి. ఆదివారం ప్రసంగంలోనూ అంతే, మొత్తం రాసుకోవాలని టెన్షన్ పడకుండా ఒక్క బొమ్మ.

"విగ్రహాలు చేయొద్దని ఉంది కదా" అని ఎవరైనా పెద్దలు అడగొచ్చు. నిర్గమకాండం 20:5లో సాగిలపడొద్దు, పూజించొద్దు అని ఉంది, మనం ఆ పని చేయట్లేదు. అదే పుస్తకం 31వ అధ్యాయంలో, ఆరాధన గుడారం పని చేసిన బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపింది చేతిపని కోసమే. అయినా యేసు ముఖం గీయడానికి మనసొప్పకపోతే మానేయండి, రొట్టె, పడవ, వల, దీపం బోలెడున్నాయి.

కుటుంబ ప్రార్థనలో పిల్లలకీ కాగితాలు ఇవ్వండి. యోనాని మింగిన చేపకి వాళ్లు కళ్లజోడు పెడితే రబ్బరు అందించకుండా, లోపల యోనా ఏం చేస్తున్నాడో గీయమని అడగండి.