ఒకేలా కనిపించే గదుల్లో దారి తప్పకుండా ఉండాలంటే

లినక్సులో బీఎస్‌డీగేమ్స్ అనే చిన్న ఆటల ప్యాకేజీతో వచ్చే, బొమ్మలు లేకుండా వాక్యాలతోనే సాగే అడ్వెంచర్ ఆటలో, మెలికలు తిరిగే సొరంగాల చిక్కుదారిలో అడుగుపెడితే దాదాపు ప్రతి గదికీ అదే వర్ణన. ఉత్తరానికి వెళ్లి దక్షిణానికి తిరిగితే పాత గదికే చేరతామన్న నమ్మకమూ లేదు.

ఆట మొదలుపెట్టే ముందు టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, స్క్రిప్ట్ అని కొట్టి, పక్కన ఒక ఫైలు పేరు ఇవ్వండి. ఇక తెరమీద కనిపించేదంతా అందులో నమోదవుతుంది. చిక్కుదారిలో మొదటి గదిలో తాళంచెవులు, రెండో దానిలో తిండి, మూడో దానిలో సీసా, ఇలా గదికొకటి వదలండి. ఆ గదికి మళ్లీ వస్తే వర్ణన కిందే ‘ఇక్కడ నేలమీద తాళంచెవులు ఉన్నాయి’ అన్న వాక్యం కనిపిస్తుంది. అంతే, గదికి పేరు దొరికినట్టే. ఒక్కో గది నుంచి ఎనిమిది దిక్కులూ, పైకీ కిందికీ వెళ్లి చూసి, ‘తాళంచెవులు, తూర్పు: సీసా’ అని కాగితంమీద రాసుకుంటే చాలు. ఏదైనా మరిచిపోతే ఆట ముగించి, ఎగ్జిట్ కొట్టి, ఆ ఫైలులో వెతుక్కోవచ్చు.

ఒకేసారి ఏడు వస్తువులే మోయగలం కాబట్టి గుర్తులు చాలకపోతే, పూర్తిగా చూసేసిన గదిలోని వస్తువును తీసి మరో గదికి వాడాలి.

బంగారం, వెండి లాంటి నిధులను మాత్రం గుర్తుగా పెట్టకండి. దొంగ వచ్చి వాటిని ఎత్తుకుపోతే పటం మొత్తం తప్పుతుంది. దీపాన్ని ఎప్పుడూ చేతిలోనే ఉంచుకోండి. చీకట్లో నడిస్తే గోతిలో పడే ప్రమాదం ఉంది.