పాత బండికి కూలెంట్ కారుతుంటే: రెండో పాఠం – కారే చోటు పట్టుకోవడం

పోయిన పాఠంలో కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, తిరిగే దారి చూశాం. రేడియేటర్ నుంచి పంపులోకి, పంపు నుంచి సిలిండర్ చుట్టూ, అక్కణ్ణుంచి హెడ్డులోకి, థర్మోస్టాట్ తెరుచుకున్నాక మళ్ళీ రేడియేటర్‌కి. ఈ పాఠంలో పానా పట్టే పని తక్కువ, కూర్చుని చూసే పని ఎక్కువ. కారే చోటు కళ్ళారా చూసేదాకా ఏ బోల్టూ విప్పొద్దు, ఏ సామానూ కొనొద్దు.

మన దేశంలో యమహా ఆర్15 బైకు వచ్చింది 2008లో. డ్యూక్ 200, పల్సర్ 200ఎన్ఎస్ వచ్చింది 2012లో. రేడియేటర్ ఉన్న బళ్ళు మామూలు కుర్రాళ్ళ చేతికి వచ్చింది ఆ రోజుల్లోనే. ఇప్పుడవి పాత బళ్ళు. ఇంజిన్ గట్టిగానే ఉంటుంది, రబ్బరు మాత్రం వయసు చూపిస్తుంది. హోస్ పైపులు, ఓ-రింగులు, సీళ్ళు కిలోమీటర్లతో పాటు ఏళ్ళతోనూ పాడవుతాయి. అంచేత తక్కువ తిరిగిన బండి కదా అని ధీమాగా ఉండొద్దు.

బెంగళూరు మారతహళ్ళిలో మా పక్క ఫ్లాటులో ఉండే మదనపల్లె కుర్రాడు నన్ను అడిగిన ప్రశ్న చాలామందికి ఉండేదే.

"అన్నా, చుక్కలు చుక్కలుగానే కదా కారేది. అప్పుడప్పుడూ నీళ్ళు పోసుకుంటూ పోతే సరిపోదా?"

"ఏ నీళ్ళు పోస్తున్నావ్?"

"బోరు నీళ్ళే."

సరిపోదు. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే బెంగళూరులో పాత బళ్ళు చాలా చెడేది ఈ అలవాటు దగ్గరే. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గిన్నెలో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. చాలా బళ్ళలో రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టేదే 95కీ 105కీ మధ్య. మరి బండి మరగకుండా ఎలా నడుస్తోంది? రేడియేటర్ మూత వల్ల. మూత మీద 1.1 అని అచ్చు ఉంటే, లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే 1.1 బార్ పెరిగేదాకా అది విడవదు. ఆ ఒత్తిడిలో వట్టి నీళ్ళు కూడా 120 దాకా మరగవు, కూలెంట్ కలిపితే ఇంకా పైకి పోతుంది. ఎక్కడో ఒక చోట కారుతోందంటే ఆ ఒత్తిడి నిలవడం లేదన్నమాట. పోయింది నాలుగు చుక్కలే కావచ్చు, ఒత్తిడి మాత్రం బాగా పడిపోవచ్చు. సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర బండి కదలకుండా నిలబడినప్పుడు, కూలెంట్ పలచబడి నీళ్ళే మిగిలి ఉంటే, ఫ్యాన్ తిరిగేలోపే లోపల మరుగు మొదలవుతుంది.

పైగా బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. అది రేడియేటర్ సన్న గొట్టాల్లో పొర కడుతుంది, ఆ పెచ్చులు పంపు సీలును గీరుతాయి. ఒక చోట కారేది రెండు చోట్ల అవుతుంది. కూలెంట్‌లో అల్యూమినియం తుప్పు పట్టకుండా కాపాడే మందు ఉంటుంది, నీళ్ళు పోసినకొద్దీ అదీ పలచబడుతుంది. మన ఊళ్ళో కూలెంట్ గడ్డకట్టేంత చలి లేదు కదా అని దాన్ని తీసిపారేయొద్దు, మనకు అది కావలసింది మరుగును పైకి జరపడం, తుప్పును ఆపడం, ఈ రెండు పనుల కోసం. దారిలో ఆగిపోతే ఏ నీళ్ళయినా పోసి ఇంటికి చేరండి, ఆ వారంలోనే మొత్తం తీసేసి కొత్త కూలెంట్ నింపండి. కలపాల్సి వస్తే బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడండి.

ఇక పనిలోకి.

బండి చల్లగా ఉండగా మొదలుపెట్టండి. పక్క ప్యానెళ్ళు, కౌలింగ్ (ముందు, పక్కల కప్పే ప్లాస్టిక్ తొడుగు) ఉంటే విప్పండి. వెంటనే కడిగేయకండి. ఎండిన కూలెంట్ తన జాడ వదిలిపోతుంది. ఆకుపచ్చగానో, గులాబీగానో, నీలంగానో, మీరు పోసిన రంగును బట్టి పొడిపొడిగా పెచ్చు కట్టి ఉంటుంది. క్లిప్పుల చుట్టూ, పంపు కింద, రేడియేటర్ మూలల్లో టార్చి వేసి వెతకండి. కనిపించిన ప్రతి మరకనీ ఫోనులో ఫొటో తీయండి.

ఆ తర్వాత సబ్బు నీళ్ళతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. వాటర్ సర్వీసింగ్ గన్నుతో మాత్రం రేడియేటర్ మీద దగ్గరనుంచి కొట్టించకండి, రేకులు వంగిపోయి గాలి దారి మూసుకుపోతుంది.

ఆరాక ముఖానికి రాసుకునే మామూలు పౌడర్ తీసుకుని హోస్ చివర్ల మీద, క్లిప్పుల మీద, పంపు చుట్టూ, రేడియేటర్ అంచుల వెంట పల్చగా చల్లండి. కింద తెల్ల అట్టముక్క పరవండి. బండిని సెంటర్ స్టాండు మీదో వెనక చక్రాన్ని ఎత్తి పట్టే ప్యాడక్ స్టాండు మీదో నిటారుగా నిలపండి. సైడు స్టాండు మీద వాలి ఉంటే చుక్క ఎడమకు జారి వేరే చోట పడుతుంది, మీరు అక్కడే వెతుకుతూ కూర్చుంటారు. స్టార్ట్ చేసి ఫ్యాన్ తిరిగేదాకా ఉంచి ఆపేయండి. ఇదంతా మూసి ఉన్న సెల్లార్‌లో చేయకండి, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషిని తీసేస్తుంది. వేడి మీద రేడియేటర్ మూత తెరవొద్దు. ఫ్యాను దగ్గర వేళ్ళు పెట్టొద్దు, కొన్ని బళ్ళలో తాళం తీశాక కూడా తిరుగుతుంది.

అసలు చూడాల్సింది ఇంజిన్ ఆపాక. పంపు ఆగిపోతుంది, ఇంజిన్‌లోని వేడి మాత్రం కూలెంట్‌లోకి వస్తూనే ఉంటుంది, కొద్దిసేపు ఒత్తిడి పెరుగుతుంది. టార్చి పట్టుకుని ఓపిగ్గా చూడండి. తెల్లటి పౌడర్ మీద ముందు ఒక నల్లని చుక్క, దాని నుంచి కిందికి సన్నని తడి గీత కనిపిస్తుంది. ఆ గీత పట్టుకుని పైకి వెళ్ళండి. తడి ఉన్న చోట్లలో అన్నిటికంటే పైది ఏదో అదే కారే చోటు. కింద చుక్క పడ్డ చోటుతో మనకు పని లేదు.

అప్పుడు ఏమీ కనిపించకపోతే పౌడర్ అలాగే ఉంచి పొద్దున్నే చూడండి. కొన్ని లీకులు చలికే బయటపడతాయి. రాత్రి చల్లబడ్డప్పుడు గట్టిపడిన పాత హోస్ గొట్టం మీద పట్టు వదిలేస్తుంది, బండి వేడెక్కగానే మళ్ళీ బిగుసుకుంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరులో తెల్లవారుజామున 15 డిగ్రీలకు దిగినప్పుడు ఇవి ఎక్కువ.

చోటు దొరికాక దాన్ని బట్టి పని.

హోస్ చివర తడి ఉంటే అదృష్టమే. క్లిప్పు బిగించేసి ఊరుకోవద్దు, ఎక్కువ బిగిస్తే అది రబ్బరును కోసేస్తుంది. కూలెంట్ దించి, క్లిప్పు వదులు చేసి, హోస్‌ను చేత్తో మెలితిప్పి లాగండి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే రేడియేటర్ గొట్టం విరుగుతుంది. రాకపోతే, ఎలాగూ కొత్తది వేస్తున్నారు కాబట్టి, పాత హోస్‌ను నిలువుగా కోసి తీసేయండి. గొట్టం మీది తెల్లటి తుప్పును గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో నున్నగా రుద్దండి. కొత్త హోస్ ఎక్కించేటప్పుడు గ్రీజు వద్దు, ఆ రబ్బరు ఉబ్బిపోతుంది, చివరకు కాస్త కూలెంట్ తడి చాలు. గొట్టం చివర ఉబ్బెత్తుగా ఉండే అంచు దాటాక క్లిప్పు కూర్చోవాలి. ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్ళీ ఓ చిన్న బిగింపు.

ఎక్కడా తడి లేదు, రిజర్వ్ డబ్బా (పొంగిన కూలెంట్ చేరే పక్క డబ్బా) మాత్రం పొంగుతోందంటే రేడియేటర్ మూతను అనుమానించండి. చల్లారాక తీసి, అడుగు రబ్బరు గట్టిపడిందా, పగిలిందా, మధ్యలో చిన్న వాల్వు వేలితో లాగితే కదులుతోందా చూడండి. మూత మార్చాల్సి వస్తే అదే నంబరు అచ్చు ఉన్నదే కొనండి.

రేడియేటర్‌కే చిల్లు పడితే దాన్ని అతికించే చోటికి ఇవ్వండి, లేదా మార్చండి. లీకు ఆపే పొడులు, ద్రావకాలు మోటార్‌సైకిల్‌లో పోయొద్దని నా గట్టి అభిప్రాయం. కారు రేడియేటర్‌తో పోలిస్తే వీటి గొట్టాలు మరీ సన్నం.

పంపు దగ్గర తడి ఉంటే మాత్రం ఆగి చూడండి. పంపు శరీరం అడుగున అగ్గిపుల్ల దూరేంత చిల్లు ఒకటి ఉంటుంది. దాన్ని కావాలనే పెట్టారు. పంపు ఇరుసు మీద రెండు సీళ్ళుంటాయి. కూలెంట్ వైపు మెకానికల్ సీల్, అంటే బొగ్గు రింగు, పింగాణీ రింగు ఒకదానికొకటి ఆనుకుని తిరిగేది. ఇంజిన్ వైపు ఆయిల్ సీల్. రెంటి మధ్యనుంచి బయటికి ఉన్న దారే ఈ చిల్లు. అక్కడినుంచి కూలెంట్ వస్తే మెకానికల్ సీల్ పోయింది, ఆయిల్ వస్తే ఆయిల్ సీల్ పోయింది. చిల్లు చుట్టూ కాస్త ఎండిన మరక ఉంటే కంగారు లేదు. చుక్క రాలిందంటే సీలు మార్చాల్సిందే. కొందరు ఆ చిల్లును ఎం-సీల్ (గట్టిపడే అతుకు ముద్ద) పెట్టి మూసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. బయటికి దారి లేక కూలెంట్ ఆయిల్ సీల్ దాటి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఐదారు చుక్కల లీకు కాస్తా బేరింగుల మీదికి వస్తుంది.

బయట ఎక్కడా జాడ లేకుండా మట్టం తగ్గుతూ, ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే అద్దంలో పాలు కలిపిన టీ రంగు కనిపిస్తున్నా, పొగ తెల్లగా తియ్యటి వాసన వేస్తున్నా బండి ఇక నడపకండి. అది సిలిండర్‌కీ హెడ్డుకీ మధ్య ఉండే హెడ్డు ప్యాకింగ్ పోవడం కావచ్చు, ఐదో పాఠంలో చూద్దాం.

కింద పడిన కూలెంట్‌ను ఇసుకో రంపపు పొట్టో వేసి ఎత్తేసి, ఆ చోటు కడిగేయండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, వీధికుక్కలు నాకుతాయి, కొంచెం చాలు వాటి ప్రాణం తీయడానికి. పిల్లలున్న సెల్లార్ అయితే మరీ జాగ్రత్త. దించిన కూలెంట్‌ను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి ఎత్తున పెట్టండి.

వచ్చే పాఠంలో పంపు విప్పి రెండు సీళ్ళూ మారుద్దాం. చాలా బళ్ళలో క్లచ్ కవర్ కూడా తీయాల్సి వస్తుంది కాబట్టి ఇంజిన్ ఆయిల్, కవర్ ప్యాకింగ్, డ్రెయిన్ బోల్టుకు కొత్త రాగి వాషర్ సిద్ధంగా పెట్టుకోండి. విడిభాగాల షాపులుండే జేసీ రోడ్డుకు వెళ్ళేవాళ్ళు బండి మోడల్, ఏడాది, ఇంజిన్ నంబరు రాసుకుని వెళ్ళండి. రెండు సీళ్ళూ ఒకేసారి అడగండి, ఒక్కటే మార్చి మూసేస్తే రెండోది పోయినప్పుడు ఇదంతా మళ్ళీ విప్పాలి.